పంటి సందు

జూలై నెల, బాలరాట్ చలి.
హీటరు పక్కన ప్లాస్టరు దవడలు ఆరబెట్టుకుంటాను.
కట్టుడు పళ్ళు చెయ్యడం కూటికి.
ఎర్నీ ట్రెలోర్ గీసిన ముఖాలు కొనడం నా పిచ్చికి.

ఎవరికీ గుర్తులేని మనిషి.
మెల్బోర్న్‌లో ఒక సాయంకాలం పేపరుకి
ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఆదివారాలు పోను,
ఊళ్ళో దిగిన ప్రతి గొప్పవాడి గోరంతనీ కొండంత చేశాడు.
ఆ పేపరూ పోయింది, ఆ గొప్పవాళ్ళూ పోయారు.
కొండలు మిగిలాయి,
మా హాల్లో మేకులకి.

"ఇంటినిండా ముక్కులే" అంటుంది మా ఆవిడ,
"దుమ్ము దులుపుతుంటే ఎవడో ఒకడు తుమ్ముతాడని భయం."

అచ్చులో చూసినవాళ్ళకి తెలీదు.
అసలు బొమ్మకి అంచున నీలం పెన్సిలు రాత:
రెండు కాలమ్‌లు, గురువారం.
మూలల్లో గుండుసూది బెజ్జాలు.
బాక్సర్ స్నోవీ హానిగన్ చెవి మీద టీ కప్పు చుట్టు,
గీసిన చెవికన్నా అదే బాగా అతికింది.
ఇంకా, తెల్లరంగు.
తప్పనుకున్న చోటల్లా పూసి, ఆరాక, దాని మీదే మళ్ళీ గీసేవాడు.
పేపర్లో ఆ తెలుపు కాగితంలో కలిసిపోతుంది.
నా వేలికి మాత్రం తగులుతుంది,
మానిన దెబ్బ మీద చర్మంలా.
కిటికీకి ఎత్తిపడితే
లోపల మొదటి గీత,
భయపడుతూ గీసిన మామూలు ముక్కు.

క్లూన్స్‌లో వేలం.
అట్టపెట్టె, పదకొండు బొమ్మలు, నలభై డాలర్లు.
అడుగున డెల్సీ ప్రౌట్, రేడియో గాయని, 1961.
ముఖమంతా నోరు. నోరంతా ముందు పళ్ళు రెండు.
ఆ రెంటి సందులోంచి ఒక ట్రాము
గంట కొట్టుకుంటూ పోతోంది, కండక్టరుతో సహా.
పడీ పడీ నవ్వి, ఫ్రేము కట్టించి
పనిగదిలో నా బల్లకెదురుగా తగిలించాను.

మొన్న మంగళవారం
పై పలక విరిగిందని ఒకావిడ వచ్చింది.
బూడిదరంగు కోటు, చేతికర్ర, చీటీలో వేరే ఇంటిపేరు.
గోడ చూసి ఆగిపోయింది.
పళ్ళు నా చేతిలో ఉన్నాయి, మాటలు గాలితో వచ్చాయి.

"ఆ వారమంతా ట్రామెక్కితే చాలు, వెనక సీట్లో పిల్లలు
నోటితో గంట కొట్టేవాళ్ళు.
శనివారం వెళ్ళి రెండూ పీకించేశాను.
కొత్తవి దగ్గరదగ్గరగా పెట్టించాను.
మాట శుభ్రపడింది.
పాటలో ఏదో తగ్గిందన్నారు స్టూడియోవాళ్ళు.
ఏమిటంటే చెప్పలేకపోయారు."

బొమ్మ దించబోయాను. వద్దంది.
అద్దానికి ముక్కు ఆనించి చూసి
"ఇక్కడ తెల్లరంగు వేశాడే" అంది.

ఫ్రేము విప్పి, కిటికీ దగ్గర చెరో కొసా పట్టుకున్నాం.
ట్రాము కింద, తెలుపు కింద,
పెన్సిలుతో చిన్న సందు.
బియ్యపుగింజ పట్టేటంత.
ఉన్నదున్నట్టు.

చాలాసేపు మాట్లాడలేదు.
"కొత్త పలక ఎంతవుతుంది?"
చెప్పాను.
"ఇది పెట్టగలవా?"
వేలు కాగితానికి తగలకుండా గాల్లోనే ఆపి అడిగింది.

ఇరవై ఆరేళ్ళుగా సందులు పూడ్చిన చేతులివి.
ఈ రాత్రి మైనంలో రెండు పళ్ళు నిలబెట్టి
నడుమ గింజ ఉంచి, తీసి,
వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ ఉంచి,
ఎర్నీ, నువ్వు దాచిన చోట వెతుక్కుంటున్నాను.
ఎక్కువైతే ట్రాము.
తక్కువైతే అబద్ధం.

పన్నెండు దాటింది. తలుపు దగ్గర మా ఆవిడ:
"బియ్యం డబ్బా ఇక్కడికెలా వచ్చింది?"